‘ఆడొచ్చు’ అని డాక్టర్ రాశాడు, మరి బేస్‌బాల్ పిచర్‌ని ఎక్కడ ఆడించాలి?

డాక్టర్ కాగితం మీద సాధారణంగా ఒక్క మాటే ఉంటుంది: ‘ఆడొచ్చు’. చేతి దెబ్బ నుంచి కోలుకున్న పిల్లవాడు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని వస్తాడు. సైకిల్ దిగీ దిగకముందే మన చేతిలో పెడతాడు. మొహం వెలిగిపోతుంటుంది. మన చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆడొచ్చు సరే, ఎక్కడ? మళ్లీ మొదటి బంతి నుంచి వేయించాలా, చివర్లో ఒకటి రెండు ఇన్నింగ్స్‌కి దింపాలా, లేక ఈ ఏడాదికి ఫస్ట్ బేస్ దగ్గర నిలబెట్టి బ్యాటింగ్ మాత్రం చేయించాలా? దీనికి డాక్టర్ జవాబు రాయడు. తేల్చాల్సింది కోచ్‌గా మీరే.

నేను ధర్మాబాద్ వైపు పిల్లలకు బేస్‌బాల్ నేర్పుతాను. నిజామాబాద్ నుంచి రైల్లో వస్తే బాసర దాటగానే మహారాష్ట్ర, మా ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, గ్రౌండ్‌లో రెండూ. మిరప మిల్లుల వైపు నుంచి గాలి తిరిగితే ప్రాక్టీస్ ఆపి అందరం తుమ్ముతాం. ఇక్కడ పిచ్చర్ అంటే జనానికి ఇప్పటికీ సినిమాయే. కాబట్టి ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట: పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే, కానీ పరుగు ఉండదు. ఎత్తు చేసిన మట్టి దిబ్బ మీద నిలబడి 18.44 మీటర్ల దూరంలో బ్యాటర్ దగ్గర ఉండే హోమ్ ప్లేట్ అనే పలక మీదికి విసరాలి. ఆ దిబ్బనే మౌండ్ అంటారు. బ్యాటర్ కొట్టాక పరుగెత్తి చేరాల్సిన మొదటి మజిలీ ఫస్ట్ బేస్. రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్, పూర్తి మ్యాచ్‌లో అలాంటివి తొమ్మిది. క్రికెట్‌లో మోచేయి వంచి విసిరితే నోబాల్. ఇక్కడ వంచి విసరడమే పని. అందుకే దెబ్బ ఎక్కువగా మోచేతికీ, భుజానికీ తగులుతుంది.

బిలోలీ, దెగ్లూర్, కిన్వట్ వైపు స్కూలు జట్లు నడిపేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. పెద్ద సౌకర్యాలేమీ అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, ఒక టేపు, గుప్పెడు చింతగింజలు ఉంటే చాలు.

ముందు ఏం దెబ్బతిందో తెలుసుకోండి

‘చెయ్యి నొప్పి’ అన్నది రోగం పేరు కాదు. నాందేడ్‌లోనో నిజామాబాద్‌లోనో చూసిన డాక్టర్‌ని వీలైతే మీరే ఫోన్‌లో అడగండి. దెబ్బతిన్నది కండరమా, ఎముక పెరిగే చోటా, ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంటా? ఆడొచ్చు అంటే పరుగెత్తడమా, బ్యాటింగా, విసరడమా, మౌండ్ మీంచి విసరడమా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు అనుమతులు.

పధ్నాలుగేళ్ల లోపు పిల్లల విషయంలో ఇంకాస్త జాగ్రత్త. వాళ్ల మోచేతి లోపలి పక్క ఎముక ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ఆ పెరిగే చోటు లిగమెంట్ కన్నా బలహీనం. పెద్దవాళ్లలో లిగమెంట్ దెబ్బతినే ఒత్తిడికి పిల్లల్లో ఎముక అంచు దెబ్బతింటుంది. పద్నాలుగులోపు జట్టులో ఒక పిల్లవాడికి అలా అయిందంటే పాత్ర గురించి ఆలోచన ఆ ఏడాదికి పక్కన పెట్టేయండి. వాడు పిచర్ కాడు, అంతే.

లిగమెంట్ పూర్తిగా తెగితే ఆపరేషన్. దాని పేరే టామీ జాన్ సర్జరీ. 1974 సెప్టెంబర్ 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కి ఎడమ మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో కుడి ముంజేతి నుంచి తీసిన స్నాయువు అమర్చాడు. 1975 సీజన్ మొత్తం ఆటకు దూరం. 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడి, ఆపరేషన్ తర్వాతే 164 మ్యాచులు గెలిచాడు. ఈ కథ విని పిల్లలు ఆపరేషన్ అయితే చేయి కొత్తదవుతుందని అనుకుంటారు. మోచేతి ఆపరేషన్ తర్వాత మళ్లీ పోటీలో విసరడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుందని, అదీ రోజూ ఫిజియో దగ్గర పని చేస్తేనేనని వాళ్లకు చెప్పండి. మన దగ్గర వచ్చే దెబ్బల్లో ఎక్కువ భాగం అంత దూరం పోవు. పోకుండా చూడటమే మన పని.

నొప్పికి పిల్లవాడు వాడే మాట పట్టుకోండి

‘ఎట్లుందిరా?’ అని అడగొద్దు. ‘మంచిగనే ఉంది సార్’ అంటాడు. జట్టులోకి రావాలనుకునే పిల్లవాడు ఇంకేమంటాడు? ‘ఏం చేస్తే ఎట్లా అనిపిస్తుంది’ అని అడగండి. అప్పుడు వాడి నోట వచ్చే మాటను ఉన్నదున్నట్టు రాసుకోండి. మన భాషలో నొప్పికి ఇన్ని పేర్లున్నది ఊరికే కాదు.

‘గుంజుతుంది’ అంటే చాలావరకు కండరం. వేడెక్కాక తగ్గితే కంగారు లేదు, ఎక్కువైతే ఆ రోజుకు ఆపండి. ‘సలుపుతుంది’, అదీ రాత్రి పడుకున్నాక, అంటే లోపల వాపు ఉన్నట్టు. ‘కలుక్కుమంది’ అంటే ఒక్క బంతికి ఏదో జరిగింది, మళ్లీ డాక్టర్ దగ్గరికే. అన్నిటికన్నా నన్ను భయపెట్టే మాట ‘చీమలు పాకినట్టుంది’. చిటికెన వేలు, ఉంగరం వేలు అలా తిమ్మిరెక్కితే మోచేతి లోపలి పక్కగా పోయే నరం నలుగుతోందని అర్థం. మరాఠీ పిల్లలు కూడా ‘ముంగ్యా’ అనే అంటారు, వాళ్లకూ చీమలే. ఆ మాట విన్న రోజు బంతి తీసి సంచిలో వేసేయండి.

మెట్లు మెట్లుగా విసిరించండి

అమెరికాలో ఫిజియోలు వాడే పద్ధతి ఒకటుంది, మనకూ సరిగ్గా సరిపోతుంది. 45 అడుగుల దూరంతో మొదలుపెట్టి 60, 90, 120, 150, 180 అడుగుల దాకా వెళ్లాలి. ఒక్కో దూరంలో 25 బంతులు, ఐదు పది నిమిషాలు విరామం, మళ్లీ 25. రోజు విడిచి రోజు. నొప్పి లేకుండా అయ్యాకే పై మెట్టు. నొప్పి వస్తే కింది మెట్టుకి దిగాలి. టేపుతో కొలిచి సున్నంతో గీతలు వేయండి. అడుగులతో కొలిస్తే పిల్లలు తమకు కావలసిన దూరం కొలుచుకుంటారు.

ఇది నెలకు పైగా పట్టే పని. విసుగొస్తుంది. మధ్యలో ఆదివారం చేలో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడి బౌండరీ నుంచి త్రోలు విసిరి వస్తారు, మనకు చెప్పరు. సోయాబీన్ కోత రోజుల్లో కొడవలి పట్టి, పత్తి చేలో పంపు మోసి, మందు కొట్టి సాయంత్రం ప్రాక్టీస్‌కి వస్తారు. ఆ భుజం మన నోట్‌బుక్‌లో ‘విశ్రాంతి’లో ఉన్నట్టు ఉంటుంది. అందుకే నా నోట్‌బుక్‌లో బంతులకు ఒక గడి, ఇంటి పనికి ఒక గడి. ‘నిన్న పంపు కొట్టినవా?’ అన్నది ‘నిన్న ఎన్ని విసిరావు?’ అన్నంత ముఖ్యమైన ప్రశ్న.

నేల మీద 180 అడుగుల మెట్టు దాటాక మౌండ్. మౌండ్ ఎత్తు 10 అంగుళాలు ఉండాలి. మా నల్లరేగడిలో దిబ్బ చేస్తే వానకు బురద, ఎండకు నెర్రెలు. ముందు కాలు పడే చోట గుంత పడుతుంది, ప్రతి బంతికీ కాలు జారుతుంది, ఆ లోటును చేయి పూడుస్తుంది. రెండు బండ్ల మొరం తెప్పించి కొట్టించండి. గాయం నుంచి వచ్చినవాడిని గుంత పడిన మౌండ్ ఎక్కించడం కన్నా ఆ రోజు ప్రాక్టీస్ మానేయడం మేలు.

ఇంటి దగ్గరే ఒక మ్యాచ్ పెట్టండి

పాత్ర నిర్ణయించే ముందు ఒక పరీక్ష ఉంటుంది. సగం బలంతో మొదలై, పూర్తి బలంతో మౌండ్ మీంచి వేయగలిగాక, బ్యాటర్‌ని నిలబెట్టి ఇన్నింగ్స్ లాగా వేయించండి. 15 బంతులు, ఎనిమిది నిమిషాలు కూర్చోబెట్టి, మళ్లీ 15. రెండింటి మధ్య తేడాలోనే మీకు కావలసిన సంగతి ఉంటుంది.

బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ వెనక నిలబడి చూడండి. అలిసిన చేయి ముందు పైకి వేస్తుంది. బంతులు బ్యాటర్ ఛాతీ ఎత్తుకి లేవడం మొదలవుతుంది. తర్వాత మోచేయి భుజం కన్నా కిందికి జారుతుంది. తర్వాత బంతికీ బంతికీ మధ్య టోపీ సర్దుకోవడం, లేసు కట్టుకోవడం పెరుగుతాయి. ఈ మూడిట్లో మొదటిది ఎన్నో బంతికి కనిపించిందో రాసుకోండి. ఆ అంకె దగ్గరే పిల్లవాడి పరిధి. రెండో విడతలో తొమ్మిదో బంతికే పైకి లేస్తే వాడి పరిధి 24 బంతులు. మీకు ఎంత అవసరమున్నా అది 50 కాదు.

ఏ పాత్ర చేతికి ఎంత బరువు?

ఇక్కడే నేను పెద్ద పొరపాటు చేశాను. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

మ్యాచ్ మొదటి నుంచి వేసేవాడు స్టార్టర్. మధ్యలో వచ్చేవాడు రిలీవర్. ఆధిక్యం నిలబెట్టడానికి చివర్లో వచ్చేవాడు క్లోజర్. ఎవరికైనా తోచేది ఏమిటి? గాయం నుంచి వచ్చాడు, కొన్ని బంతులే వేయించాలి, కాబట్టి క్లోజర్. నాకూ అదే తోచింది. పదహారేళ్ల పిల్లవాడు, మోచేతి లోపలి పక్క పట్టేసి మూడు నెలలు ఆగి వచ్చాడు. జిల్లా పోటీల్లో చివర్లో దింపుతానని చెప్పాను.

మొదటి రోజు పొద్దున మ్యాచ్‌లో మా ఆధిక్యం తగ్గుతుంటే ‘రెడీగా ఉండు’ అన్నాను. వెనక పాతిక బంతులు వేసి వేడెక్కాడు. ఇంతలో మావాళ్లు పరుగులు చేశారు, కూర్చోమన్నాను. మళ్లీ గట్టి పరిస్థితి, మళ్లీ పాతిక. చివరికి దిగాడు. మౌండ్ మీద ఎనిమిది అలవాటు బంతులు, మ్యాచ్‌లో 14. మధ్యాహ్నం ఇంకో మ్యాచ్: పాతిక, ఎనిమిది, 17. మర్నాడు సెమీస్: పాతిక, ఎనిమిది, 11. నా నోట్‌బుక్‌లో ఉన్నది 14, 17, 11. మొత్తం 42. ఎంత జాగ్రత్తగా వాడానో అని నా భుజం నేనే తట్టుకున్నాను. వాడి చేయి నిజంగా విసిరినవి 166.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ పిల్లవాడు వడ్డించే అతన్ని స్పూన్ అడిగాడు. స్పూన్ ఎడమ చేత్తో పట్టుకుని పప్పన్నం తిన్నాడు. మన ఇళ్లలో ఎడమ చేత్తో తింటే పెద్దవాళ్లు చూస్తూ ఊరుకోరు. వాడికీ ఆ అలవాటు లేదు. కుడి చేయి నోటిదాకా రావడం లేదు, అంతే. ఆ ఏడాది మళ్లీ బంతి పట్టలేదు.

తప్పు ఎక్కడుంది? చిన్న పాత్ర అంటే తేలిక పాత్ర అనుకోవడంలో ఉంది. క్లోజర్ వేసే బంతులు తక్కువే. కానీ ఎప్పుడు వేయాలో వాడికి తెలియదు. హడావుడిగా వేడెక్కాలి, చల్లబడాలి, మళ్లీ వేడెక్కాలి. వరసగా రెండు రోజులు, మూడు రోజులు రావాలి. పైగా వచ్చేదే మ్యాచ్ బిగిసిన వేళ, ఒక్క బంతీ సగం బలంతో వేయలేడు. స్టార్టర్‌కి అలా కాదు. మ్యాచ్ పదింటికంటే తొమ్మిదింబావుకి నింపాదిగా మొదలుపెడతాడు, వేడెక్కేది ఒక్కసారే. అతని బరువంతా బంతుల సంఖ్యలో ఉంటుంది. సంఖ్యను మనం కత్తిరించవచ్చు. టెన్షన్‌ను కత్తిరించలేం.

అందుకే నా సలహా: వెనక్కి వచ్చిన పిచర్‌ని స్టార్టర్‌గానే దింపండి, కానీ ఒకటి రెండు ఇన్నింగ్స్‌కే. తర్వాత పూర్తిగా తీసేయండి. వాడి తర్వాత అసలు స్టార్టర్ వచ్చి మిగతాది వేస్తాడు.

ఇది నా సొంత తెలివి కాదు. బంతీ వేసి, బ్యాటింగూ చేసే జపాన్ ఆటగాడు షోహెయ్ ఒహ్తానీకి 2023 సెప్టెంబర్‌లో మోచేతికి రెండో ఆపరేషన్ జరిగింది. 2024 అంతా బంతి వేయకుండా బ్యాటింగ్ మాత్రమే చేశాడు. 54 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టి, 59 బేస్‌లు దొంగిలించాడు, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరాడు. 2025 జూన్ 16న మళ్లీ మౌండ్ ఎక్కినప్పుడు డాడ్జర్స్ అతన్ని మొదటి ఇన్నింగ్స్‌కే వాడారు. 28 బంతులు వేసి, బ్యాట్ పట్టుకుని మ్యాచ్‌లో కొనసాగాడు. ఆ తర్వాత వారం వారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయారు.

క్లోజర్ పాత్ర ఎప్పుడూ తప్పే అనడం లేదు. అట్లాంటా బ్రేవ్స్ పిచర్ జాన్ స్మోల్ట్జ్‌కి ఆపరేషన్ వల్ల 2000 సీజన్ పోయింది. 2001లో కొన్ని మ్యాచులు స్టార్టర్‌గా వేసి, ఆ తర్వాత రిలీవర్‌గా మారాడు. 2002లో క్లోజర్‌గా 55 మ్యాచులు కాపాడాడు. 2005లో మళ్లీ స్టార్టర్ అయ్యాడు. కానీ అతని వెనక ట్రైనర్లు, డాక్టర్లు, ప్రతి వార్మప్ బంతినీ లెక్కపెట్టే మనుషులు ఉన్నారు. మన దగ్గర రెండే బంతులు, ఒక క్యాచర్, దాహానికి ఒక డ్రమ్ము నీళ్లు.

ఇక బంతి వేయని రోజు ఎక్కడ నిలబెట్టాలి? ఫస్ట్ బేస్. అక్కడ పట్టుకునే పని ఎక్కువ, విసిరే పని తక్కువ. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య), థర్డ్ బేస్, అవుట్‌ఫీల్డ్ (బౌండరీ వైపు) వద్దు. అక్కడి నుంచి వచ్చే త్రో ఒక్కటే, కానీ వేడెక్కని చేత్తో పూర్తి బలంతో విసిరేది. క్యాచర్‌గా మాత్రం పొరపాటున కూడా వద్దు, పిచర్ వేసినన్ని బంతులు వాడూ తిరిగి విసరాలి. డాక్టర్ బ్యాటింగ్‌కి సరేనంటే బ్యాటింగ్. క్రికెట్ చూసేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. నడుముకు ఆపరేషన్ అయ్యాక హార్దిక్ పాండ్య 2020 ఐపీఎల్ మొత్తం ఒక్క బంతి వేయకుండా బ్యాటర్‌గానే ఆడాడు.

పోటీల తేదీలు ముందు పెట్టుకుని లెక్క వేయండి

అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పిల్లల కోసం ‘పిచ్ స్మార్ట్’ అని ఒక లెక్క పెట్టాయి. 15, 16 ఏళ్లవాళ్లు రోజుకు 95 బంతులు దాటకూడదు. 30 లోపు వేస్తే విశ్రాంతి రోజు అక్కర్లేదు. 31 నుంచి 45 అయితే ఒక రోజు, 60 దాకా రెండు రోజులు, 75 దాకా మూడు, ఆపైన నాలుగు రోజులు ఆగాలి. 14 ఏళ్ల లోపువాళ్లకు ఇంకా తక్కువ: 20 దాటితేనే ఒక రోజు, 35 దాటితే రెండు, 50 దాటితే మూడు, 65 దాటితే నాలుగు. ఇవన్నీ బాగున్న చేతులకు పెట్టిన అంకెలు. గాయం నుంచి వచ్చినవాడికి నేను బంతులు సగానికి తగ్గిస్తాను, విశ్రాంతి ఒక రోజు పెంచుతాను. ఇది పుస్తకంలో లేదు, నా భయంలోంచి వచ్చింది.

మన చిక్కేమిటంటే, అమెరికా ప్రొఫెషనల్ స్టార్టర్‌కి ఒక మ్యాచ్ తర్వాత నాలుగైదు రోజులు దొరుకుతాయి. మన జిల్లా పోటీలు రెండు మూడు రోజుల్లో అయిపోతాయి, ఒకే రోజు రెండు మ్యాచులు పడతాయి. అంటే మన పిచర్‌కి టోర్నమెంట్ మొత్తమ్మీద ఒక్క మంచి అవకాశమే ఉంటుంది, మహా అయితే రెండు. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే అసలు నిర్ణయం.

పదహారేళ్లవాడు, పరీక్షలో పరిధి 25 బంతులని తేలింది, మూడు రోజుల పోటీ అనుకుందాం. మొదటి రోజు పొద్దున మ్యాచ్‌లో స్టార్టర్, 25 బంతులు. మధ్యాహ్నం మ్యాచ్‌లో బ్యాటింగ్ మాత్రమే. రెండో రోజు ఫస్ట్ బేస్, మౌండ్ ఎక్కడు. మూడో రోజు ఫైనల్‌కి చేరితే, రెండు పొద్దుళ్లూ చేయి బాగుంటే, మళ్లీ స్టార్టర్‌గా 20. చేరకపోతే ఆ 20 మిగిలినట్టే. ఈ పథకం ముందు రోజే కాగితం మీద రాసి కెప్టెన్‌కి, క్యాచర్‌కి, పిల్లవాడికి చూపించండి. ‘పరిస్థితిని బట్టి చూద్దాం’ అని మాత్రం రాయొద్దు. మ్యాచ్ బిగిసినప్పుడు పరిస్థితి ఎప్పుడూ ఒకే మాట చెబుతుంది: వాణ్ని దింపు.

ముందే చెప్పి మాట మీద నిలబడటం ఎంత కష్టమో 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో చూశాం. బుమ్రా ఐదు టెస్టుల్లో మూడే ఆడతాడని సిరీస్‌కి ముందే ప్రకటించారు. 1–2తో వెనకబడి ఓవల్‌కి వెళ్లినప్పుడు ఎంతమంది ఎన్ని మాటలన్నారు! అయినా ఆడించలేదు. మన హైదరాబాద్ సిరాజ్ చివరి ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు, 6 పరుగులతో గెలిచాం. గెలవకపోయినా ఆ నిర్ణయం సరైనదే అయ్యేది. ఇందుకు అమెరికా బేస్‌బాల్ జట్టు వాషింగ్టన్ నేషనల్స్ కథే ఉదాహరణ. ఆపరేషన్ నుంచి వచ్చిన స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ని 2012లో 159 ఇన్నింగ్స్ దాటాక సీజన్ ముగియకముందే ఆపేశారు. అతను లేకుండా ప్లేఆఫ్స్ మొదటి సిరీస్‌లోనే ఓడిపోయారు. తిట్లు తిన్నారు. అదే స్ట్రాస్‌బర్గ్ 2019లో వాళ్లు వరల్డ్ సిరీస్ (అక్కడి ఫైనల్) గెలిచినప్పుడు ఉత్తమ ఆటగాడు. ఆ రెండింటికీ నేరుగా ముడి ఉందని నేను చెప్పలేను, కానీ తిట్లు పడ్డ ఏడాదే లెక్క తేలిపోదు.

ఇంట్లోవాళ్లతో మాట్లాడండి

పిల్లవాడు తొందరపడేది ఆట పిచ్చితో మాత్రమే కాదు. పదో తరగతి, పన్నెండో తరగతిలో క్రీడా మార్కులున్నాయి. మహారాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 5 శాతం రిజర్వేషన్ ఉంది. ఇంట్లో అందరి కళ్లూ వాటి మీదే. ఒక తండ్రి నన్ను అడిగాడు:

‘సార్, బాల్ ఎయ్యకపోతే మార్కులు పోతయి గద?’

‘మార్కులు జట్టులో ఆడినందుకు గానీ బాల్ వేసినందుకు కాదన్నా. ఫస్ట్ బేస్ మీద నిలబడ్డా జట్టులో ఉన్నట్టే.’

‘మరి మా పోరడు ఒప్పుకుంటడా?’

‘నువ్వు ఒప్పుకుంటే వాడు ఒప్పుకుంటడు.’

ఆ మాట మీద ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత సోయాబీన్ ధర గురించి మాట్లాడి వెళ్లిపోయాడు. కానీ కోతకు కొడుకుని పిలవడం ఆ నెల మానేశాడు.

పిల్లవాడితో మాట్లాడేటప్పుడు ‘నిన్ను తీసేస్తున్నా’ అనకండి. ‘మొదటి రెండు ఇన్నింగ్స్ నీవి’ అనండి. అబద్ధం కాదు, నిజంగానే వాడివి. ఎదుటి జట్టులో మంచి బ్యాటర్లు మొదట్లోనే వస్తారు, వాళ్లను కట్టడి చేయడం చిన్న పనేమీ కాదు.

మ్యాచ్ రోజు

ఒక డబ్బాలో 40 చింతగింజలు వేయండి: 15 వార్మప్‌కి, 25 మ్యాచ్‌కి. జట్టులో ఆడని ఒక చిన్న పిల్లవాడికి ఆ డబ్బా ఇవ్వండి. గట్టిగా విసిరిన ప్రతి బంతికీ, వెనక వేసినా ముందు వేసినా, ఒక గింజ బయటికి. ఇన్నింగ్స్ మొదట్లో వేసే అలవాటు బంతులు సగం బలంతో నాలుగైదుకి మించనీయకండి. గింజలు అయిపోతే పిచర్ మారాడు, బ్యాటర్ మధ్యలో ఉంటే ఆ బ్యాటర్‌తో ఆఖరు. డబ్బా పట్టుకున్న పిల్లవాడు ‘సార్, ఐపోయినయ్’ అని అరిస్తే ఆ మాటకు ఎదురు లేదు, నాతో సహా. ఐదో తరగతి పిల్లవాడికి అంత అధికారం ఇస్తే వాడు దాన్ని ఎంత నిష్ఠగా వాడతాడో చూడాలి. అంపైర్‌నైనా లెక్కచేయడు.

గింజలు మిగిలి ఉన్నా ఆపాల్సిన సందర్భాలున్నాయి. బంతి వేశాక చేయి విదిలించినా, వరసగా మూడు బంతులు పైకి పోయినా, క్యాచర్ ‘బంతి మెత్తగా వస్తోంది’ అన్నా ఆపండి. తీసేసిన పిచర్‌ని ఆ రోజు మళ్లీ ఎక్కించొద్దు.

మర్నాడు పొద్దున

నా దగ్గర ఉన్న పరీక్షల్లో నేను ఎక్కువగా నమ్మేది ఇదే. పొద్దున లేవగానే రెండు చేతులూ ముందుకు చాపమనండి. రెండు మోచేతులూ ఒకేలా తిన్నగా వస్తున్నాయా చూడండి. విసిరే చేయి ఒక వేలంత వంగి ఉన్నా ఆ రోజు బంతి లేదు. తర్వాత ఏమీ చెప్పకుండా టిఫిన్ దగ్గర వాడి ఎదురుగా కూర్చోండి. ఉప్మాయో పోహాయో, కుడి చేత్తో తింటున్నాడా, స్పూన్ కోసం చూస్తున్నాడా గమనించండి. అడిగితే అబద్ధం చెప్పే పిల్లవాడు కూడా ఆకలి మీద ఉన్నప్పుడు చేతిని దాచలేడు. ఎడమ చేతివాటం పిల్లలకైతే దువ్వెన పట్టే చేయి చూడండి.

ఈ పొద్దుటి పరీక్ష వరసగా నాలుగు మ్యాచుల తర్వాత బాగుంటే బంతులు ఐదు పెంచండి, ఒకేసారి పది కాదు. 60 దాకా చేరి, మర్నాడు చేయి తిన్నగా వస్తుంటే అప్పుడు పాత స్టార్టర్ పాత్ర గురించి మాట్లాడవచ్చు. రెండుసార్లు వరసగా చేయి వంగితే మెట్లు మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. మూడోసారీ అదే అయితే ఆ సీజన్‌కి వాడు ఫస్ట్ బేస్‌మన్. ఇది పిల్లవాడికి చెప్పడం కష్టం. నేను గ్రౌండ్‌లో అందరి ముందూ చెప్పను, సైకిల్ నడిపించుకుంటూ వాళ్ల ఇంటిదాకా వెళ్తూ చెబుతాను.

ఒక్క పని మిగిలింది. మన పిల్లలు పది కాగానే జూనియర్ కాలేజీకి నాందేడ్ వెళ్లిపోతారు. అక్కడి కోచ్‌కి ఈ చేయి చరిత్ర తెలియదు, బలంగా ఉన్న పిల్లవాడు కనిపిస్తాడు, బంతి ఇచ్చేస్తాడు. అందుకే నోట్‌బుక్‌లో వాడి పేజీని ఫోటో తీసి ఆ కోచ్‌కి వాట్సాప్‌లో పంపండి. పైన ఈ ఐదూ ఉండాలి: ఏం దెబ్బతింది, ఏ నెలలో, ఎన్నో బంతికి పైకి వేయడం మొదలుపెడతాడు, నొప్పి వస్తే ఏ మాట వాడతాడు, అన్నం ఏ చేత్తో తింటాడు.